బాపు పిలిచిన తూకం

జనగామ,
12 జనవరి 2025, ఆదివారం.

పెద్దబాపుకు,

నేను, మంజులను, రాస్తున్నాను. మనం మాట్లాడుకుని తొమ్మిది నెలలైంది కాబట్టి పేరు ముందే చెబుతున్నాను.

నువ్వు ఫోను ఎత్తడం మానేశావని, ఎత్తినా వినపడదని పెద్దమ్మ చెప్పింది. నేను ఇక్కడ కాన్వెంటు హాస్టల్లో చదివినన్నాళ్ళు నువ్వు నాకు ఉత్తరాలు రాసేవాడివి. మిగతా పిల్లల ఉత్తరాల్లో వానలు, పంటలు, జ్వరాలు ఉండేవి. నీ ఉత్తరంలో బాక్సింగ్ ఆడేటప్పుడు ఎడమ చెయ్యి ఎక్కడ పెట్టాలో ఉండేది. సిస్టర్ తెరిచి చదివి, ఏమీ అర్థం కాక, నాకు ఇచ్చేసేది.

ఇప్పుడు అదే బడిలో లైబ్రరీ చూస్తున్నాను. పిల్లలు ఎక్కువగా రారు. నాకు అది బాగానే ఉంది. పోయిన వారం ఒక ముసలి ఫాదర్ గారి పుస్తకాలు నాలుగు అట్టపెట్టెల్లో వచ్చాయి. ఆయన పోయారు. పెట్టెల్లో బాక్సింగ్ చరిత్ర ఒకటి ఉంది. ఆయనకు అది ఎందుకో తెలియదు. నువ్వు ఆడిన బరువు తరగతి, ఫెదర్‌వెయిట్ మీద పెద్ద అధ్యాయం ఉంది. కావాలంటే కొంచెం కొంచెం తెలుగులో రాసి పంపుతాను. వచ్చే నెల ఆ తరగతిలో ప్రపంచ టైటిల్ పోటీ కూడా ఉంది. అది చూసి రాస్తాను.

మొదటి సంగతి ఇది. ఈ తరగతికి మొదట్లో ఇంత బరువు అని లేదు. ఒకరు నూట పద్నాలుగు పౌండ్లు అన్నారు, ఒకరు నూట పద్దెనిమిది అన్నారు, ఒకరు నూట ఇరవై రెండు. ఎవరి కాంటా వాళ్ళది. 1920 ప్రాంతంలో నూట ఇరవై ఆరు దగ్గర నిలబడింది. మనకు యాభై ఏడు కిలోల చిల్లర.

అమ్మ బాగానే ఉంది. బాపు పనికి పోతున్నాడు. గూడూరులో పత్తి ఇంకా వస్తోంది. ఏప్రిల్ ఆరున అక్కడి చర్చిలో తమ్ముడు జోసెఫ్ పోయి ఏడాది నిండే పూజ. అందరినీ పిలవమని అమ్మ అంది. పిలుస్తున్నాను.

మంజుల


భూపాలపల్లి,
21 జనవరి.

బిడ్డా మంజులా,

ఉత్తరం అందింది. మీ పెద్దమ్మ గట్టమ్మ సదివి పెడ్తనన్నది. నాకు వినపడాలంటే గల్లీ అంతా వినపడేటట్టు సదవాలె, అందుకే నేనే సదువుకున్న. బొగ్గుబాయిల ముప్పై ఏండ్లు దిగినోనికి ఏదో ఒకటి పోతది. కొందరికి నడుములు పోయినయ్, నాకు చెవులు. నయమే. గట్టమ్మ మాట వినే పని తప్పింది.

పుస్తకంల సంగతులు రాయి. టైటిల్ పోటీల వాళ్ళ పేర్లు మాత్రం రాయకు, నాకు నోరు తిరగదు. నిక్కరు రంగు రాయి, సాలు.

పోరలకు బాక్సింగ్ నేర్పే షెడ్డు బంద్ పెట్టిన. బాయి పాత బెల్టు రబ్బరుతోని కుట్టిన గుద్దుడు సంచిని ఎలుకలు కొరికినయ్. ఇసుక కారి కింద కుప్ప పడ్డది. ఊడ్వలే.

ఒకటి అడుగుత బిడ్డా. జోసెఫ్‌గాడు తన బరువు రాసుకునే నోటుబుక్కు మీ ఇంట్ల ఉన్నదట. నాకు పంపు. నా కాడున్న కాంటా కరాబయింది. అందుకే ప్రతి శనివారం మీ బాపు కాంటా మీద నిలబడి చూసుకొమ్మన్న. నా తమ్ముడు దేవదాసు ఇరవై ఏండ్ల సంది పత్తి కాంటా మీద ఉన్నడు, చర్చిల పెద్ద, వాని నోట తప్పు తూకం రాదు అని నేనే చెప్పిన. పోరడు ఐతారం నా కాడికి వచ్చి చెప్పెటోడు. యాభై ఎనిమిది. యాభై ఏడున్నర. పోటీకి ముంగట యాభై ఏడు. మరి జనగామల తూకం పెడితే యాభై తొమ్మిది ఎట్లయిండు? అయిదు రోజులల్ల రెండు కిలోలు ఎట్ల పెరిగిండు? ఆ రెండు కిలోలు ఒక్క గంటల దించాలని గదా రెండు స్వెట్టర్లు, పైనుంచి యూరియా బస్తా తొడుక్కొని గా ఎండల ఉరికింది, పానం ఇడిసింది. నేను ఆడ లేను. మీ పెద్దమ్మ కంటి ఆపరేషన్‌ అని ఈడ ఉంటి.

మట్టి ఇచ్చిన కాడ మీ బాపు అందరి ముంగట నన్ను అన్న మాట నువ్వు విన్నవు. "మావోణ్ణి ఎండబెట్టి సంపినవ్ అన్నా." నేనేమన్న తినద్దన్ననా? ఏం తినాల్నో, ఎన్నిసార్లు తినాల్నో, అన్నీ ఆ బుక్కుల రాపిచ్చిన. నా తప్పుంటే అండ్ల కనపడతది. లేకపోతే అదీ కనపడతది.

పూజకు వచ్చే సంగతి అది చూసినంక చెప్త.

యాకయ్య


జనగామ,
2 ఫిబ్రవరి 2025.

పెద్దబాపుకు,

పదో తరగతి పిల్లలకు పరీక్షలు పెడుతున్నారు. లైబ్రరీ బల్లలన్నీ తీసుకుపోయారు. నేను రెండు బీరువాల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను.

నోటుబుక్కు అమ్మ దగ్గర ఉంది. ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. ఇప్పుడు అడగడం బాగుండదు.

పుస్తకంలోవి రాస్తాను.

జార్జ్ డిక్సన్ అని ఒకాయన. కెనడాలో పుట్టిన నల్లజాతి మనిషి. నల్లజాతివాళ్ళలో ప్రపంచ ఛాంపియన్ అయిన మొదటివాడు ఆయనే అంటారు. అయిదడుగుల మూడంగుళాలు, ఆ పైన కొద్దిగా. ఎదురుగా ఎవరూ లేకుండా గాలితో కొట్లాడి సాధన చేయడం ఆయన మొదలుపెట్టాడట. నీ షెడ్డులో సున్నం గోడ ముందు చేయించేది అదే.

జానీ కిల్బేన్ దగ్గర బెల్టు పదకొండేళ్ళు ఉంది. ఈ తరగతిలో అంతకాలం ఎవరూ ఉంచుకోలేదు. ఆయన్ని ఓడించింది యూజీన్ క్రికీ అనే ఫ్రాన్సు మనిషి. యుద్ధంలో తూటా తగిలి దవడ పగిలింది. వైద్యులు అతికించారు. ఆ అతికించిన దవడతో వచ్చి కిల్బేన్‌ను పడగొట్టాడు. రెండు నెలలు నిండకముందే ఇంకొకరి చేతిలో ఓడిపోయాడు.

హెన్రీ ఆర్మ్‌స్ట్రాంగ్ దగ్గర ఒకేసారి మూడు తరగతుల బెల్టులు ఉండేవి, ఫెదర్‌వెయిట్‌తో కలిపి. పెద్ద తరగతిలో పోటీకి ఆయన బరువు చాలలేదు. కాంటా ఎక్కే ముందు కడుపు నిండా నీళ్ళు తాగి ఎక్కాడట. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. కాంటా కోసం నీళ్ళు తాగిన మనిషి కూడా ఉన్నాడు.

గుడ్‌ఫ్రైడే పాటలకు సాధన మొదలైంది. పక్క గదిలో ఒకే చరణం మళ్ళీ మళ్ళీ పాడుతున్నారు. ఉంటాను.

మంజుల


భూపాలపల్లి,
13 ఫిబ్రవరి.

బిడ్డా,

మీ అమ్మ తాళమేసిందంటే సమజయింది. అందరిని పిలువుమన్నదని నువ్వు రాసినవ్, అందరిల నేను లేనని ఇప్పుడు తెలిసింది. మంచిది. నేను రాను. నీ మీద నాకు కోపం లేదు. నడుమ నువ్వెందుకు పరేషాన్ కావాలె.

బుక్కు కూడ అద్దు. నేనే ఆలోచన చేసిన. అంకెలు తప్పు కావు, కాంటా తప్పు కాదు, నేను చెప్పిన తిండి తప్పు కాదు. మిగిలింది వాడు. నాకు అబద్ధం చెప్పిండు. యాడనో లగ్గంల తిన్నడు, బస్టాండుల బజ్జీలు తిన్నడు, శనివారం కాంటా ఎక్కనే లేదు, ఐతారం వచ్చి నా మొకం మీద యాభై ఏడు అన్నడు. పందొమ్మిదేండ్ల పోరడు. నా చెయ్యి వాని భుజం మీదనే ఉండె. అయినా అన్నడు.

కోపంతోని రాస్తలేను. పదినెలల సంది ఎటూ తెగకుంటే, ఒక కాడ తెంపిన.

పదకొండేండ్లు బెల్టు పెట్టుకున్నాయన సంగతి మీ పెద్దమ్మకు చెప్పిన. కంపెనీ ఆటలల్ల నేను గెలిచిన ఒక్క మెడల్‌ను పచ్చడి జాడి గుడ్డ మీద బరువు పెట్టింది గదా. "పదకొండు మెడల్సుంటే పదకొండు జాడీలు పెడుదును" అన్నది. పెదవులు చూస్తె తెలిసింది.

దవడ అతికిచ్చుకున్నోని సంగతి మంచిగున్నది. పోటీ ఎప్పుడు?

యాకయ్య


జనగామ,
24 ఫిబ్రవరి 2025.

పెద్దబాపుకు,

పోటీ నిన్న పొద్దున జరిగింది. స్టాఫ్ రూములో, పూజ తరువాత, శబ్దం తీసేసి ఫోనులో చూశాను. నువ్వు చూసినా అట్లాగే చూస్తావు కాబట్టి.

ఎర్ర నిక్కరు ఛాంపియన్. నీలి నిక్కరు పోటీదారు. ఇప్పుడు ఈ తరగతిలో నాలుగు సంస్థలు, నాలుగు బెల్టులు ఉన్నాయి. ఇది వాటిలో ఒకటి.

ముందురోజు తూకం కూడా చూశాను. ఎర్ర నిక్కరు కాంటా ఎక్కాడు. పావు కిలో ఎక్కువ వచ్చింది. ఇద్దరు మనుషులు తువ్వాలు అడ్డం పట్టారు. అన్నీ విప్పి మళ్ళీ ఎక్కాడు. ఇంకా ఎక్కువే ఉంది. ఛాంపియన్ బరువు తప్పితే కాంటా మీదే బెల్టు పోతుంది, రింగు దాకా అక్కర్లేదు. రెండు గంటల గడువు ఇచ్చారు. గంటా నలభై నిమిషాలకు తిరిగి వచ్చాడు. పెదాలు తెల్లగా ఉన్నాయి. సరిపోయాడు. కాంటా పక్కన ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు.

నాలుగు రౌండ్లు ఎర్ర నిక్కరే ముందు. ఎడమ చెయ్యి నువ్వు చెప్పినట్టే, చెంపకు ఆనించి, తలుపు తీసినట్టు తీస్తాడు. అయిదు నుంచి కాళ్ళు ఆగిపోయాయి. నీలి నిక్కరు తొందరపడలేదు. పొట్ట మీద కొట్టాడు, మళ్ళీ అక్కడే కొట్టాడు. తొమ్మిదో రౌండు అయ్యాక ఎర్ర నిక్కరు శిక్షకుడు వంగి ముఖం చూసి రిఫరీతో చాలన్నాడు. ఛాంపియన్ వద్దని తల ఊపాడు. అయినా ఆపేశారు. కొత్త ఛాంపియన్‌ను భుజాల మీదికి ఎత్తారు. పాతవాడు స్టూలు మీద కూర్చుని నీళ్ళు తాగుతూనే ఉన్నాడు.

పుస్తకంలో డేవీ మూర్ అనే ఛాంపియన్ ఉన్నాడు. 1963. ఓడిపోయాక గదిలో విలేకరులతో బాగానే మాట్లాడాడు. ఆ తరువాత స్పృహ పోయింది. నాలుగు రోజులకు చనిపోయాడు. పడినప్పుడు మెడ కింది తాడుకు తగిలిందని తరువాత ఫిల్ములో చూశారు. ఇంకొకాయన బ్యారీ మెక్‌గిగన్, 1986లో, ఎడారి ఎండలో పదిహేను రౌండ్లు ఆడి బెల్టు పోగొట్టుకున్నాడు. ఒంట్లో నీళ్ళు లేక ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆయన బతికాడు.

ఒకటి చెప్పాలి. జోసెఫ్ నీకు అబద్ధం చెప్పలేదు. నాకు తెలుసు. అంతకంటే ఇప్పుడు రాయలేను.

మంజుల


భూపాలపల్లి,
9 మార్చి.

బిడ్డా,

నీ ఉత్తరం మూడుసార్లు సదివిన. వాడు అబద్ధం చెప్పలే అన్నవు. నువ్వు పుస్తకాల పిల్లవు, తెలువంది రాయవు. అయితే నేను మళ్ళ మొదటికెళ్ళి ఆలోచన చేసిన. వాడు నిజమే చెప్పిండు, దేవదాసు కాంటా నిజమే చెప్పింది. ఇగ తప్పు యాడున్నది? జనగామల కాంటా కాడున్నది.

బుధవారం జనగామ వచ్చిన. ఆ రోజు తూకం పట్టిన డ్రిల్లు సారు పోశాలును దొరకబట్టిన. ఆయన బడి మైదానంల పిల్లల ముంగట అంగీ పట్టుకున్న. నీ కాంటా సంపింది మా పోరణ్ణి అన్న. ఆయన ఏదో చెప్పిండు, నాకు వినపడలే. వినాలని కూడ లేకుండె. పిల్లలు ఇడిపిచ్చిన్రు. బాక్సింగ్ సంఘానికి దరఖాస్తు రాపిస్తున్న. తప్పు కాంటా పెట్టి తూకం పట్టినోడు బడిల ఉండద్దు అని. ఈ నెల ఇరవై దాటినంక ఇస్త.

కాన్వెంటు గేటు కాడి దాక వచ్చిన. లోపట ప్రార్థన నడుస్తున్నట్టున్నది. మళ్ళిన.

శివరాత్రికి గట్టమ్మ కాళేశ్వరం పోయింది. గోదాట్ల జోసెఫ్ పేరు మీద బియ్యం ఇడిసింది. మీరు చర్చి వాళ్ళు, మీకు అవి లేవని నాకు ఎరుకే. మీ అమ్మకు చెప్పకు. దాని చేతులతోని పెంచిన పోరడు గదా, దానికి తెలిసిన తీరుగ చేసింది.

పోటీ మంచిగ రాసినవ్. "చాలు" అన్న మనిషి మంచోడు. నేను ఆడ ఉంటే నేనూ అందును.

యాకయ్య


జనగామ,
16 మార్చి 2025, ఆదివారం.

పెద్దబాపుకు,

దరఖాస్తు ఇవ్వకు. ఈ ఉత్తరం చివరిదాకా చదివాక నీ ఇష్టం.

నోటుబుక్కు దీనితోనే పంపుతున్నాను. అది అమ్మ దగ్గర లేదు. మొదటి నుంచీ నా దగ్గరే ఉంది. అమ్మ నిన్ను పిలవమని నిజంగానే చెప్పింది. పేరు పెట్టి చెప్పింది.

నువ్వు వచ్చిపోయిన మరుసటి రోజు పోశాలు సారు లైబ్రరీకి వచ్చారు. ఫిర్యాదు చేయడానికి కాదు. నీకు వినపడలేదని ఆయనకు తెలిసింది, అందుకని నాకు చెప్పి పోయారు. ఆ రోజు కాంటా రెండుసార్లు మార్చి చూశారట. రెండింటి మీదా యాభై తొమ్మిదే. జోసెఫ్ నవ్వి, "మీ కాంటలే తప్పున్నయ్ సార్. మా బాపు కాంటా మీద యాభై ఏడే ఉన్న" అన్నాడట. పై తరగతిలో ఆడమని సారు చెప్పారు. మా పెద్దబాపు ఫెదర్‌వెయిట్, నేనూ గంతే అన్నాడట. గంట గడువు సారే ఇచ్చారు. పడిపోయినప్పుడు దవాఖానకు తన బండి మీద వాణ్ణి తీసుకుపోయిందీ ఆయనే.

ఇప్పుడు నోటుబుక్కు తెరువు. పోయిన ఏడాది మార్చి పదిహేను, శుక్రవారం. వాడు నన్ను చూడటానికి వచ్చి మా బడి మందుల గదిలో కాంటా ఎక్కాడు. "అక్క బడి కాంటా: 60. కాంటా పాతది, తప్పు" అని రాశాడు. దాని కిందే మార్చి పదహారు, శనివారం. "బాపు కాంటా: 58."

కాంటా పాతది అన్న మాట వాడిది కాదు. నాది. వాడు అరవై చూసి ముఖం చిన్నది చేసుకుంటే, ఇది నా కంటే ముసలిది, నమ్మకు అన్నాను. పుస్తకాలకు అట్టలు వేసుకుంటూ అన్నాను. తల కూడా ఎత్తలేదు. వాడు నమ్మాడు.

నోటుబుక్కు నా చేతికి వచ్చిన రోజే ఆ రెండు వరసలు చూశాను. చూసి మూసేశాను. నీకు ఛాంపియన్ల గురించి రాస్తే సరిపోతుందని అనుకున్నాను.

మొన్న మా బడిలో బరువు చూసుకున్నాను. నలభై ఆరు. నిన్న పొద్దున బస్సుకే గూడూరు పోయాను. బాపు కాంటా దగ్గర ఉన్నాడు. ఆఖరి పత్తి వస్తోంది. తండా నుంచి వచ్చిన గంగాబాయి బస్తాలు దింపించుకుని కూర్చుంది. బాపు అన్నం తెచ్చానేమో అనుకున్నాడు. నేను చెప్పులు విడిచి కాంటా ఎక్కాను. బాపు అలవాటు కొద్దీ అంకె చూసి పిలిచాడు. "నలభై నాలుగు."

గంగాబాయి నవ్వింది. "పత్తికి తీసినట్టు పిల్లకు గూడ తరుగు తీస్తున్నవా అన్నా?" అంది. హమాలీలు కూడా నవ్వారు.

బాపు నవ్వలేదు.

బడిలో నలభై ఆరు ఉన్నానని చెప్పాను. ఆయన అంకెలనే చూస్తూ ఉన్నాడు. నేను దిగాను. సున్నా వచ్చింది. సున్నాను కూడా చూశాడు. తరువాత నన్ను పత్తి కుప్పల వెనక్కి తీసుకుపోయాడు. మెల్లగా చెప్పాడు. పత్తి కొనే సేటు కాంటా లోపల రెండు కిలోలు తక్కువ చూపేట్టు పెట్టి ఆరేళ్ళయింది. బాపుకు మొదటి రోజు నుంచీ తెలుసు. అంకె పిలవడం వరకే ఆయన పని.

"వానికి చెప్పలేకపోయిన బిడ్డా. చెప్తే మా బాపు దొంగ తూకం పిలుస్తడని వానికి ఎరుకయితుండె. రెండు కిలోలే గదా, కొట్లాటల ఏమైతది అనుకున్న. తూకం పెట్టి చూస్తరని నాకు తెల్వది."

ఆయనకు నిజంగా తెలియదు, పెద్దబాపూ. బరువు మంచిగా ఉండటం కోసం చూస్తున్నాడనుకున్నాడు. ఆ అంకె దాటితే రింగులోకి రానివ్వరని ఎవరమూ ఆయనకు చెప్పలేదు. నువ్వు చెప్పలేదు, జోసెఫ్ చెప్పలేదు, నేను చెప్పలేదు. మన ముగ్గురికీ అది అందరికీ తెలిసిన సంగతి.

నీకు రాస్తానని బాపుకు చెప్పాను. వద్దనలేదు. రాయమని కూడా అనలేదు. లోపలికి పోయి గంగాబాయి బస్తాలు కాంటా ఎక్కించాడు. నేను బస్సెక్కాను. దారిలో ఒక పుస్తకం చదివాను. ఏ పుస్తకమో గుర్తు లేదు.

మట్టి దగ్గర నిన్ను ఆ మాట అన్నప్పటికి బాపుకు ఇదంతా తెలిసిపోయింది. అది కూడా రాయాలి కాబట్టి రాస్తున్నాను.

మంజుల


భూపాలపల్లి,
30 మార్చి.

బిడ్డా మంజులా,

జవాబు ఆలస్యమైంది. పనులుండె.

దరఖాస్తు చింపిన. జనగామ పోయి పోశాలు సారును కలిసిన. అదే మైదానంల, అవే పిల్లల ముంగట, దండం పెట్టిన. ఆయన నా చేతులు పట్టుకొని కుర్చీ తెప్పిచ్చిండు. ఇద్దరం ఛాయ తాగినం. ఏం మాట్లాడుకున్నమో నాకు సగం వినపడలే. నీ కాడికి రాలే. నువ్వు రాసింది ఇంక లోపట కుదురుకోలే.

నిన్న గూడూరు పోయిన. చెప్పకుంట పోయిన. పొద్దుగాల పది అయి ఉంటది. దేవదాసు కాంటా కాడ కూసున్నడు. నన్ను చూసిండు, లేవలే. మీ అమ్మ ముంగట, చర్చి ముంగట ఏమేమి అడగాల్నో బస్సుల అంతా అనుకుంట వచ్చిన. కాంటా చూసినంక ఒక్కటి గుర్తు రాలే. చెప్పులిడిసి ఎక్కి నిలబడ్డ.

తమ్ముడు అంకె చూసిండు. శానాసేపు చూసిండు. "యాభై ఐదు" అని పిలిచిండు. అది నాకు కనపడుతనే ఉన్నది. నేను దిగలే. అప్పుడు తల వంచుకొని అన్నడు, రెండు కలుపు అన్నా అని.

పెదవులు చూస్తె నాకు తెలిసింది. అయినా చెవి కాడ చెయ్యి పెట్టి, వినపడలే అన్న.

మళ్ళ అన్నడు. వినపడలే అన్న.

మూడోసారి లేచి నిలబడి ఒర్లిండు. "రెండు కిలోలు కలుపు అన్నా. ఈ కాంటా రెండు తక్కువ చూపెడ్తది."

హమాలీలు ఆగిన్రు. బస్తాల మీద కూసున్నోళ్ళు లేచిన్రు. వాళ్ళల్ల ఒక తండా ఆడామె, నువ్వు రాసిన గంగాబాయే కావచ్చు, తన బస్తా మీద చెయ్యేసి పట్టుకున్నది. ఎవరు ఏమన్నరో నాకు వినపడలే. సేటు మనుషులు వచ్చిన్రు. తమ్ముడు మెడల తువ్వాల తీసి కాంటా మీద పెట్టి బయటికి నడిచిండు. ఆ పని ఇగ లేదు. రైతులు తూకాల ఆఫీసరుకు చెప్పబోతున్నరట. తమ్ముణ్ణి సాక్ష్యం అడిగితే చెప్తనన్నడట.

ఇంటికి పోయినం. మీ అమ్మకు వాడే చెప్పిండు, నేను బయట గద్దె మీద కూసున్న. నేను విన్నది ఏం లేదు. జరసేపటికి మీ అమ్మ వచ్చి, నాకు ఒక్కనికే అన్నం పెట్టి, లోపటికి పోయింది. వానికి పెట్టలే. నేను నా పళ్ళెం నడిమిట్ల జరిపిన. వాడు తినలే. నేను తిన్న.

నేను వాణ్ణి ఏమనలే. అనాలని పోయిన. తరువాత అంటనో లేదో తెల్వది.

ఇంటికొచ్చి నోటుబుక్కు తీసిన. జోసెఫ్‌గాడు రాసిన ప్రతి అంకె పక్కన పెన్సిలుతోని రెండు కలిపి రాసిన. యాభై ఎనిమిది అరవై అయింది. యాభై ఏడు యాభై తొమ్మిది అయింది. నీ బడి కాంటా కాడ "తప్పు" అని ఉన్నది గదా, దాన్ని కొట్టెయ్యలే. వాని దస్తూరి అది, ఉండనీ. నువ్వు గూడ దాన్ని మొయ్యకు, నాలుగేండ్లు నేను నడిపిన షెడ్డుల ఒక మంచి కాంటా పెట్టుకోకపోవుడు నీ తప్పు కాదు.

ఆఖరి పేజీల నాది గూడ రాసిన. యాకయ్య, దేవదాసు కాంటా, 55. రెండు కలిపితే 57. అరవై మూడేండ్లకు మళ్ళ ఫెదర్‌వెయిట్ అయిన. పోయినేడు అరవై ఆరు కిలోలుంటి. గట్టమ్మకు చెప్పకు, అన్నం పెట్టి సంపుతది.

ఆరో తారీకు మొదటి బస్సుకు మీ పెద్దమ్మ, నేను ఇద్దరం వస్తున్నం. పూజల నువ్వు నా పక్కన కూసో. ఫాదర్ ఏమంటున్నడో నువ్వు చెప్పాలె. పుస్తకంల మిగిలినోళ్ళ సంగతి గూడ అప్పుడే చెప్పు. నీది సన్న గొంతు, చిన్నప్పటి సంది గంతే. నాకు గట్టిగ చెప్పాలె.

యాకయ్య